సగం చెల్లెలు

బిర్జాయ్,
సెప్టెంబరు 14

ప్రియమైన వైవక్కకు,

అభినందనలు. ఈ మాట మొదటే రాసేస్తే మిగతా ఉత్తరం తేలిగ్గా సాగుతుందని అమ్మమ్మ చెప్పింది.

ఆదివారం యొలాంత పెద్దమ్మ కూతురి ఘనత చూపించడానికి వచ్చింది. ఒక చేతిలో కొమ్మలు కొమ్మలుగా కాల్చిన పెద్ద శాకోతిస్ కేకు, ఇంకో చేతిలో ఫోను, ఫోనులో నువ్వు. కళాశాలల నాణ్యత తనిఖీ చేసే సంస్థ వెబ్‌సైట్లో 'విద్యార్థి నిపుణులు' అన్న శీర్షిక కింద నీలం కోటు వేసుకుని నవ్వుతున్నావు. అది పోయిన ఈస్టరుకు నా దగ్గర తీసుకెళ్లిన కోటు. పెద్దమ్మ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. విశ్వవిద్యాలయాలను తనిఖీ చేయడానికి మన పిల్లను పిలవడమేమిటని అమ్మమ్మ ఆశ్చర్యపోతే, యూరప్ అంతటా ఇంతేననీ, ఒక విద్యార్థి లేకపోతే తనిఖీ బృందమే చెల్లదనీ పెద్దమ్మ చెప్పింది. ఆ నియమం తానే పెట్టినంత ధీమాగా చెప్పింది. ఫోను బల్ల చుట్టూ తిరుగుతున్నంతసేపూ నేను కేకు కొమ్మలు ఒక్కొక్కటే విరిచి తిన్నాను. చివరికి మోడు మిగిలింది.

నా కోర్సు పేరు నువ్వు ప్రతిసారీ మర్చిపోతావు కనుక మళ్లీ రాస్తున్నాను: లాత్వియన్, లిథువేనియన్ భాషల అనువాదం. మొత్తం పదకొండు మందిమి. మనం బ్రియెదిస్ అంటే అడవిలో తిరిగే ఆ పెద్ద పలక కొమ్ముల జంతువు కదా. సరిహద్దు దాటి అరగంట వెళితే అదే మాటకు అర్థం మామూలు దుప్పి. మన దుప్పి పేరేమో అక్కడ ఆ పెద్ద జంతువుది. ఒక తల్లి కన్న రెండు భాషలు విడిపోయేటప్పుడు సామాన్లు తారుమారైనట్టున్నాయి. ఇది విన్న రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

నిన్న క్లాసులో చుట్టరికాల పేర్లు వచ్చాయి. పెద్దమ్మ కూతురినీ పిన్ని కూతురినీ మనం పుస్‌సెసెరె అంటాం. 'పుస్' అంటే సగం, 'సెసెరె' అంటే అక్కో చెల్లెలో. ఇన్నేళ్లుగా అంటున్నాను గానీ ఆ మాటలో సగం ఉన్నట్టు నిన్నటిదాకా నా చెవికి వినపడలేదు. అంటే నువ్వు నాకు సగం అక్కవు. మిగతా సగం ఎవరి దగ్గరుందో.

ఈ చలికాలం మా కోర్సుకు కూడా తనిఖీ ఉంది. ఏ ఒక్క అంశంలో 'సరిపోదు' అని పడినా కోర్సు మూసేస్తారు. మమ్మల్ని పానెవెజిస్‌కు పంపి వ్యాపార ఇంగ్లీషులో కలిపేస్తారట. మాకు లాత్వియన్ చెప్పే నియోలె టీచరు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటారు. నీకు ఇప్పుడు లోపలి సంగతులు తెలుసు కదా, ఏం చేయాలో రాయి.

ఫోను చేయకు. ఫోనులో అంతా నువ్వే మాట్లాడతావు. పైగా ముప్పై ఏళ్లు తపాలా కౌంటరులో కూర్చున్న అమ్మమ్మ స్టాంపు లేని ప్రేమను నమ్మదు.

నీ సగం చెల్లెలు,
మిగ్లె


విల్నియస్,
అక్టోబరు 9

ఒసే మిగ్లె,

అభినందనల్లో అంత నిమ్మరసం పిండితే ఎలాగే? కోటు సంగతి నిజమే. ఫోటోకు మంచిది కావలసి వచ్చింది. ఇస్తాను, ఏడవకు.

మొన్న స్లొవేనియాలో ఒక చిన్న కళాశాలకు వెళ్లొచ్చాను. అక్కడ ప్రొఫెసర్లంతా నన్ను పేరు పెట్టి పిలిచారు, నేను కూడా వాళ్లను పేరు పెట్టే పిలిచాను. మొదటి రోజు నాలుక తిరగలేదు. రెండో రోజుకు నాన్నను కూడా పేరు పెట్టి పిలవగలననిపించింది. తలుపులు వేసుకుని ఒక్క మాట మీద మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. నివేదికలో 'సిఫార్సు' అని రాయాలా, 'షరతు' అనా? సిఫార్సు అయితే కళాశాలవాళ్లు తలూపి అలమరలో పెట్టేస్తారు. షరతు అయితే ఎవరో ఒకరి ఉద్యోగం కదులుతుంది. మాటలంటే పడి చచ్చేదానివి నువ్వు. మాటతో ఒక భవనం తలుపు మూయడం ఎలా ఉంటుందో చూసింది మాత్రం నేను.

ఇది నీకు మంటగా ఉంటుందని తెలిసే రాశాను.

ఇక పని మాట. విద్యా మంత్రిత్వ శాఖకు చిన్న కోర్సులు తగ్గాలి. ఆ మాట అది పైకి అనదు. మా సంస్థ తాను ఎవరి మాటా విననంటుంది, అది అబద్ధం కాదు. కానీ పదకొండు మందికి ఒక కోర్సా అన్న ప్రశ్న బృందంలోకి ఎవరో ఒకరి జేబులో వచ్చేస్తుంది. దానికి బదులు చెప్పాలంటే రుజువు కావాలి. మీ దగ్గర విద్యార్థుల అభిప్రాయ పత్రాలు ఉన్నాయా? లేకపోతే వెంటనే మొదలుపెట్టమను. పేర్లు లేకుండా నింపించాలి. అడిగామనీ, విన్నామనీ, మార్చామనీ కనబడాలి.

నీ నియోలె టీచరు గురించి మూడు పేజీలు రాస్తావనుకున్నాను, ఒక్క ముక్కే రాశావు. ఆవిడ నిజంగానే ప్రతి వాక్యం పెన్సిల్‌తో దిద్దుతుందా? మా హాల్లో మూడు వందల మందిమి. నేను రాసిన వ్యాసానికి యంత్రం మార్కు వేస్తుంది. నా ప్రొఫెసరుకు నా నంబరు తెలుసు. పేరు అడిగితే ఏం చెబుతాడో.

అమ్మమ్మకు ముద్దులు. కేకు కొమ్మ ఒక్కటి కూడా మిగల్చలేదట, పెద్ద ఫిర్యాదే వచ్చింది.

వైవ


బిర్జాయ్,
నవంబరు 20

వైవక్కా,

నీ ఉత్తరం క్లాసులో చదివాను, నా మంట గురించిన వాక్యం వదిలేసి. అభిప్రాయ పత్రాల సలహా ఉప డీన్ రిమాంతాస్ గారికి చేరవేస్తే ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాటికే అచ్చయి వచ్చాయి.

తరువాత జరిగింది విను. పేర్లు రాయకుండా నింపాం. మాలో సగం మందికి పైగా అదే రాశాం: వ్యాకరణం ఎక్కువ, పక్క ఊరి లాత్వియన్లతో మాటలాడటం తక్కువ. పెట్టెలో వేశాం. శుక్రవారం నియోలె టీచరు క్లాసుకు వచ్చి ఆ పత్రాలు ఎవరివి వాళ్లకు పంచారు.

అవును, ఎవరివి వాళ్లకు. రెండేళ్లుగా మా చేతిరాత చదువుతున్న మనిషికి పేర్లతో పనేముంది? అన్నీ పెన్సిల్‌తో దిద్ది ఉన్నాయి. కామాలు, విభక్తులు. నేను 'పాఠాలు ఆసక్తికరంగా ఉంటాయి' అని రాస్తే ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన 'ఇది మాట కాదు, దుప్పటి. కింద ఏముందో చెప్పు' అని రాశారు. గోర్దాస్ అని మా క్లాసులో ఒకడున్నాడు, వాడు 'టీచరు మరీ కఠినం' అని రాశాడు. దాని పక్కన 'అంగీకరిస్తున్నాను. కానీ కఠినంలో అక్షరం తప్పు' అని ఉంది. ఆ మరుసటి వారం నుంచి శనివారాలు మమ్మల్ని సరిహద్దు అవతలి సంతకు తీసుకువెళ్తున్నారు. ఉల్లిపాయలు బేరమాడుతూ లాత్వియన్ నేర్చుకుంటున్నాం.

రిమాంతాస్ గారికి తెలిసి తల పట్టుకున్నారు. పేరు లేని పత్రాన్ని మనిషికి తిరిగి ఇచ్చారని బయటికి పొక్కితే కొంప మునిగినట్టే అన్నారు. అప్పటి నుంచి బుధవారం బుధవారం మాకు రిహార్సలు. ఆయనే బృందం పెద్దగా కూర్చుంటారు. ఏ ప్రశ్నకు ఏ వాక్యమో ఇంగ్లీషులో బట్టీ పట్టిస్తారు. పత్రాల గురించి అడిగితే చెప్పవలసిన వాక్యం నా వంతుకు వచ్చింది, నా ఉచ్చారణ బాగుందని. టీచరును కూడా ఒక వాక్యం నేర్చుకోమంటే, "నాకు వచ్చిన నాలుగు భాషల్లోనూ అలాంటి వాక్యం లేదు రిమాంతాస్" అని సంచీ తీసుకుని వెళ్లిపోయారట.

ఇది నీకు నవ్వుకోవడానికి రాశాను. నిపుణురాలికి కాదు, అక్కకు.

నా దిద్దిన పత్రం పుస్తకంలో దాచుకున్నాను. నీలాంటి విమానాలూ హోటళ్లూ నాకు లేవు గానీ ఇది ఉంది. నీకు లేదు. ఈ వాక్యం రాస్తుంటే హాయిగా ఉంది.

మిగ్లె


విల్నియస్,
జనవరి 16

మిగ్లె,

తొందరగా రాస్తున్నాను. మీ కోర్సుకు రావలసిన విద్యార్థి నిపుణుడు మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని బదులు నన్ను అడిగారు. ఒప్పుకున్నాను.

సంతకం పెట్టే ముందు కాగితం మూడుసార్లు చదివాను. పరిశీలనలో ఉన్న చోట తల్లిదండ్రులు, భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉండకూడదు అని ఉంది. అక్కచెల్లెళ్లకు సెసువో అని ఉంది, పుస్‌సెసెరె అని లేదు. నీ మాటే నన్ను గట్టెక్కించింది. సగం చెల్లెలు లెక్కలోకి రాదు.

ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతావు. ఇంకెవరో వచ్చేకన్నా నేను వస్తే మేలు కదా. నీ నియోలె టీచరును ఒకసారి చూడాలని కూడా ఉంది.

ఫిబ్రవరిలో వస్తున్నాం. అప్పటిదాకా ఉత్తరాలు వద్దు. అక్కడ మనం ఒకరికొకరం తెలియనివాళ్లం. అమ్మమ్మకు నువ్వే సర్దిచెప్పు.

వైవ


బిర్జాయ్,
ఫిబ్రవరి 22

వైవ గారికి,

గది బయట తలుపు పట్టుకుని "మీరు ముందు వెళ్లండి" అన్నావు. మన భాషలో, మెత్తగా, పరాయిదానితో అన్నట్టు. నాకు జడ వేయడం నేర్పిందానివి నన్ను మీరు అన్నావు. అందుకే నేను కూడా గారు తగిలించాను. ఇక్కడితో మర్యాద అయిపోయింది.

నీలం కోటు వేసుకునే వచ్చావు. నీకు బాగుంది. అది ఇంకా మండింది.

బల్లకు అటు మీరు ఐదుగురు, ఇటు మేం పదకొండు మందిమి. టీచర్లను బయటికి పంపేశారు. ఆ డెన్మార్క్ పెద్దాయన స్కౌ గారు మంచివాడిలాగే ఉన్నాడు. గ్రంథాలయం ఎలా ఉందన్నాడు, చెప్పాం. పనిభారం అన్నాడు, చెప్పాం. ఎవరూ తడబడలేదు. అప్పుడు నువ్వు పెన్ను కింద పెట్టి నా వైపే చూస్తూ అడిగావు.

"మీరు నింపిన అభిప్రాయ పత్రాలు ఆ తరువాత ఏమవుతాయి?"

గోర్దాస్ బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను నవ్వుకోమని రాసిన దాన్ని నువ్వు బల్ల మీద పెట్టి కోస్తున్నావనుకున్నాను. రిమాంతాస్ గారి వాక్యం నోట్లోకి దానంతటదే వచ్చింది. వాటిని కమిటీ క్రోడీకరించి బోధన మెరుగుదలకు వినియోగిస్తుందన్నాను. నువ్వు వదలలేదు.

"వాటిని ఎవరైనా చదివారని మీకెలా తెలుస్తుంది?"

నివేదికల ద్వారా అన్నాను. స్కౌ గారు ఏదో రాసుకున్నాడు. నువ్వు కిటికీ వైపు తిరిగావు.

ఇప్పుడు చెబుతాను విను. ఆ నిపుణుల జాబితాకు నేనూ దరఖాస్తు పెట్టాను. ఆగస్టులో, నీతోపాటే. రెండు పేజీలు రాశాను, ఒక్కో వాక్యం పదిసార్లు మార్చి. నాకు 'ఈసారికి కాదు' అని వచ్చింది, నీకు ఫోటో వచ్చింది. సెప్టెంబరులో నీకు అభినందనలు రాసిన చేత్తోనే ఆ జవాబు చింపాను. నువ్వు ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు కుర్చీ లాగి కూర్చోబెడతారు. నాకంటూ ఈ ఊళ్లో మిగిలింది ఒక్క టీచరు. ఆవిడ ముందు కూడా వచ్చి కూర్చున్నావు.

అసలు మంట ఇంకా చెప్పలేదు. మీరు వెళ్లాక గోర్దాస్ నియోలె టీచరుకు గదిలో జరిగిందంతా చెప్పాడు. ఆవిడ బోర్డు తుడుస్తూ, "విల్నియస్ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న" అన్నారు.

నువ్వు సరస్సు పక్క హోటల్లో పడుకున్నావు. అమ్మమ్మ ఇంటి దీపం ఆ కిటికీలోంచి కనబడుతుంది. నీకోసం బంగాళాదుంపల కూగెలిస్ చేసి, పొయ్యి వెచ్చగా ఉంచి కూర్చుంది. తెలియనట్టు ఉండాలని నేను ఎంత చెప్పినా, ఆకలి వేసినట్టు కూడా ఉండకూడదా అంది.

మిగ్లె


విల్నియస్,
మార్చి 30

మిగ్లె,

ఈ ఉత్తరం మీ కళాశాలకు ముసాయిదా నివేదిక అందవలసిన రోజుకు నీకు చేరుతుంది. నేను ఇది రాయకూడదు. రాస్తున్నాను.

నాలుగు అంశాల్లో బాగానే వచ్చింది. విద్యార్థుల అభిప్రాయం అన్నచోట 'సరిపోదు' పడింది. తలుపు మూసి కూర్చున్నాక స్కౌ గారు, ఈ పిల్లలంతా ఒకే నాలుకతో మాట్లాడారనీ, వాళ్లు రాసింది ఇక్కడ ఎవరూ చదవడం లేదనీ అన్నాడు. పదకొండు మందికి ఒక కోర్సా అన్న ప్రశ్న అప్పుడే ఎవరి జేబులోంచో బయటికి వచ్చింది. నీ నవంబరు ఉత్తరం నా సంచీలోనే ఉంది. తీస్తే నువ్వెవరో చెప్పాలి. తీయలేదు. 'సరిపోదు' అక్కర్లేదు, 'సిఫార్సు' చాలని ఒంటరిగా కాసేపు వాదించి ఊరుకున్నాను.

ఆ ప్రశ్న నిన్ను కోయడానికి వేశాననుకున్నావు. నువ్వు చెబుతావని వేశాను. వాటిని టీచరు దిద్ది తిరిగి ఇస్తుందనీ, దానివల్లే శనివారాలు సంతకు వెళుతున్నామనీ ఒక్క ముక్క అంటే చాలు. తప్పు పట్టేవాళ్లు పట్టేవాళ్లు గానీ, ఎవరూ చదవలేదని మాత్రం అనలేకపోయేవాళ్లు. యూరప్‌లో ఇన్ని కళాశాలలున్నాయి, పిల్లల ఫిర్యాదుకు కామాలు పెట్టి జవాబిచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా వినలేదు.

ఇదంతా నిజమే. దీని కింద ఇంకోటుంది. నీ నవంబరు ఉత్తరం చదివి ఒక వారం మామూలుగా ఉండలేకపోయాను. నా జీవితంలో ఒక్కరు కూడా నా వాక్యం చుట్టూ సున్నా చుట్టలేదు. 'నీకు లేదు' అని రాశావు, హాయిగా ఉందని కూడా రాశావు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు నా గొంతులో నీ మేలు ఎంతుందో, ఆ ఉక్రోషం ఎంతుందో నాకే తెలియదు. నువ్వు బట్టీ వాక్యం చెప్పినప్పుడు ఒక్క క్షణం, చాలా చిన్న క్షణం, నాకు బాగా అనిపించింది. అందుకే కిటికీ వైపు తిరిగాను.

నీ దరఖాస్తు సంగతి నాకు తెలుసు. దరఖాస్తుల జాబితాలో నీ పేరు చూశాను. నువ్వు చెప్పలేదు కదా అని నేనూ అడగలేదు.

నిన్న సంస్థకు రాసి పంపాను. మిగ్లె నా పిన్ని కూతురనీ, కాగితంలో సగం చెల్లెలు లేదనీ, మా ఇంట్లో మాత్రం ఉందనీ. ఈ మధ్యాహ్నం ఫోను వచ్చింది. మా బృందం తనిఖీ చెల్లదు. ముసాయిదా చెత్తబుట్టకే. శరత్కాలంలో కొత్త బృందం వస్తుంది. నా పేరు జాబితాలోంచి తీసేశారు, మళ్లీ పెట్టరు. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆ ఫోటో వంటగదిలో ఫ్రేము కట్టించింది.

కోటు వేరే పార్శిల్లో పంపుతున్నాను. ఇక దానితో పని లేదు.

వైవ


బిర్జాయ్,
నవంబరు 12

వైవక్కా,

ఏప్రిల్ నుంచి నీకు రాయలేదు. కోపం కాదు. నీ ఉత్తరం చదివాక నాకు వచ్చింది కృతజ్ఞత కాదు, అసూయ. ఇదివరకటి దానికన్నా పెద్దది. విమానాలు నీవి, ఫోటో నీది, చివరికి అంత మంచి పని చేసే అవకాశం కూడా నీకే వచ్చింది. నా దగ్గర అలా వదులుకోవడానికి ఏముంది? ఈ మాట ఎవరితో చెప్పుకోను? నీతో తప్ప చెప్పుకునే దిక్కు లేదు, నీతోనేమో చెప్పలేను. అమ్మమ్మ మాత్రం ప్రతి సోమవారం ఒక స్టాంపు తెచ్చి నా బల్ల మీద పెట్టి, వెళ్లిపోయేది. అవన్నీ ఈ కవరు మీద అంటించాను. ఎక్కువయ్యాయని తపాలావాళ్లు అంటారేమో.

కొత్త బృందం అక్టోబరులో వచ్చింది. రిమాంతాస్ గారు మళ్లీ వాక్యాలు పంచబోతే మేం తీసుకోలేదు. ఉన్నదే చెబుదామని పదకొండు మందిమీ అనుకున్నాం. మూస్తే మూస్తారు. ఈసారి కౌనాస్ నుంచి ఒక కుర్రాడు విద్యార్థి నిపుణుడు. నాకు రావలసిన కుర్చీలో వాడు కూర్చున్నాడని మొదట వాడి మీద కూడా ఏడ్చాను. పత్రాలు ఏమవుతాయని వాడే అడిగాడు. ఆ ప్రశ్న అందరికీ నేర్పిస్తారు కాబోలు.

నేను పుస్తకంలోంచి నా పత్రం తీసి బల్ల మీద పెట్టాను. గోర్దాస్ తనది పెట్టాడు. మిగతావాళ్లూ తీశారు. అందరూ దాచుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. బృందం పెద్ద ఒక ఐరిష్ ఆవిడ. దుప్పటి అన్న మాట దగ్గర ఆగి, ఇదేమిటో చెప్పమంది. ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, ఇది నియమానికి విరుద్ధమని తెలుసా అని అడిగింది. తెలుసన్నాను.

ఈ నెల మొదట్లో ఫలితం వచ్చింది. కోర్సు ఉంటుంది. ఆ అంశంలో 'సరిపోతుంది', దాని కింద ఒక షరతు: అభిప్రాయ పత్రాలు రాసినవారెవరో తెలియకూడదు. సిఫార్సు కాదు, షరతు. ఆ రెండింటి తేడా నువ్వు చెప్పి ఉండకపోతే నేను గమనించేదాన్ని కాను. అందుకని ఇప్పుడు టైపు చేసి వేస్తున్నాం. నియోలె టీచరు అవి కూడా దిద్ది నడవాలోని బోర్డుకు గుచ్చుతున్నారు, 'ఎవరిది వారు చదువుకోవచ్చు' అని పైన రాసి. రిమాంతాస్ గారు ఆ బోర్డు ముందు నుంచి నడిచేటప్పుడు గోడ వైపు చూడరు.

బృందం వచ్చిన రోజు నీలం కోటు వేసుకున్నాను. భుజాల దగ్గర వదులుగా ఉంది. నీ భుజాలకు సాగిపోయింది.

ఇంకొకటి. ఫలితం వచ్చాక నీ మార్చి ఉత్తరం టీచరు చేతికి ఇచ్చాను. నిన్ను అడగకుండా ఇచ్చాను, కావాలంటే తిట్టుకో. ఇదంతా ఎలా జరిగిందో ఆవిడకు తెలియాలనిపించింది. రెండు రోజులు ఉంచుకుని తిరిగి ఇచ్చారు. దీనితో పంపుతున్నాను, చూడు. నీకు కామాలు అసలు రావు. 'సగం చెల్లెలు' దగ్గర సగం కింద గీత గీసి, పక్కన లాత్వియన్‌లో మాసీత్సా అని రాశారు. సరిహద్దు అవతల పిన్ని కూతురిని అలాగే అంటారు. చెల్లి అన్న మాటకే చిన్న తోక తగిలిస్తారు, సగం చేయరు. ఆవిడ దిద్దింది భాషనో, మనల్నో అడగలేదు.

రెండో పేజీ చివర చూడు. నీకు ఒక చిన్న క్షణం బాగా అనిపించిందనీ, కిటికీ వైపు తిరిగాననీ రాశావే, ఆ రెండు వాక్యాల పక్కన నిలువు గీత గీసి, 'బాగుంది' అని రాశారు.

మూడేళ్లుగా ఆవిడకు రాసి ఇస్తున్నాను, అక్కా. నా కాగితం మీద ఆ మాట ఇంతవరకు ఒక్కసారి కూడా రాయలేదు.

నీ చెల్లెలు,
మిగ్లె